దూదింటికి జంట పత్రం

మొదటి రోజు

రాట్నం అడుగు అంతస్తు, పదిహేడో వరస, నలభై రెండో గది ఏలికలు, కాటాల మేస్త్రీ, ఏడో తరగతి సగంలో బడి మానేసిన మహామేధావి గౌరీసు వారు తమ గదిలోని యావత్తు ప్రజకు, అనగా ఒకే ఒక్క ప్రజకు, చాటించు శాసనములు. ఒకటి: పెనం మీది ఆఖరి అట్టు ఏలికవారిది. మాడినా సరే. రెండు: అరిగిపోయిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించరాదు. అతికించినచో ఏలికవారి వీపు గీసుకుపోవుచున్నది. మూడు: ఏలికవారు గురక పెట్టుట లేదు. అది గాలిగొట్టం చప్పుడు. ఈ విషయమై ప్రజ ఇకపై పక్క గదివారిని సాక్ష్యమునకు పిలవరాదు.

ఇది చదివి వినిపిస్తే ప్రజ గిన్నె తోముతూ తలెత్తకుండా, "ఉప్పు డబ్బా మూత ఎక్కడ పెట్టావు?" అంది.

ఆఫీసరమ్మ గారూ, మీరు పంపిన పుస్తకం ఎలా మొదలుపెట్టాలో తెలీక అలా మొదలుపెట్టాను. "బీమా పత్రం ఎంచుకొనుటలో ఎవరి బలవంతమూ లేదని రుజువు కొరకు నలభై దినముల విషయములు వ్రాయవలెను" అని అట్ట మీద ఉంది. రాసేది ఒక్కరే, రెండోవారు చదవకూడదట. నా ఇల్లాలు కనకమాలక్ష్మిని, మాలచ్చి అంటేనే పలుకుతుంది, నువ్వు రాస్తావా అని అడిగాను.

"నాకు పిండి రుబ్బే పనుంది. లేనిపోనివి అల్లడం నీకు అలవాటు. నువ్వే రాయి" అంది.

రెండో రోజు

రాయడానికేమీ లేదు. నిన్న ఏడో అంతస్తు కాటా సరిచేసి దిగుతుంటే ఎడమ మోకాలు పట్టేసింది. ఇవాళ మంచం దిగితే కలుక్కుమంది. మాలచ్చి నువ్వుల నూనె వేడి చేసి రాసింది.

"పత్రాల పుస్తకం ఇంటికొచ్చిన మర్నాడే మోకాలు గుర్తొచ్చిందేటి నీకు?" అంది.

దాని నోటికి జడిసే నేను ఇన్నాళ్ళూ ఈ మాత్రం తిన్నగా ఉన్నాను.

నాలుగో రోజు

ఆఫీసరమ్మ ఇందుమౌళి గారు గదికొచ్చారు. మీరే. మీ గురించి మీకే రాయడం వింతగా ఉంది గానీ, రేపు ఈ పుస్తకం ఇంకెవరి బల్ల మీదికో పోవచ్చు కదా, అందుకని విడమరిచి రాస్తున్నాను.

మీరు చాప మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, రెండు కాగితాలు పరిచారు. ఒకటి పసుపు, ఒకటి తెలుపు.

"పసుపుది జంట పత్రం. మీ ఇద్దరిలో ఎవరికి చేతకాకపోయినా ఇద్దరూ కలిసే పైన పన్నెండో అంతస్తు దూదింటికి వెళ్తారు. ఒకే గది. సగం సేవ తోడు వెళ్ళినవారే చెయ్యాలి, అందుకని రోజుల లెక్క లేదు, బతికున్నన్నాళ్ళూ ఉండొచ్చు. తెల్లది విడి పత్రం. చేతకానివారు ఒక్కరే వెళ్తారు. వెయ్యి రోజులు. రెండోవారు కింద తమ పని తాము చేసుకుంటూ ఉండొచ్చు. గురువారం గురువారం గంటసేపు చూసి రావచ్చు" అన్నారు.

"వెయ్యి రోజులు దాటితే?" అన్నాను.

"చాలామందికి దాటదండీ."

మాలచ్చి పకపకా నవ్వింది. "ఈ పిల్ల నిజం చెప్తుందయ్యా. ఉండమ్మా, నీకో అట్టు పోస్తాను."

పెనం మీద నీళ్ళు చల్లి, తిరిగి చూడకుండా అడిగింది. "తోడు వెళ్ళిన మనిషి, రెండోవారు పోయాక, మళ్ళీ కిందికి రావచ్చా?"

"ఏడాది దాటితే కుదరదండీ. అక్కడ బరువుండదు కదా. ఎముకలు గుల్లబారిపోతాయి. కిందికొస్తే సొంత బరువుకే విరుగుతాయి."

"అయితే తెల్లదే" అంది మాలచ్చి. గరిటెతో పిండి ఒక్క చుట్టు చుట్టింది. అయిపోయింది, దానికి నిర్ణయం అంటే అంతే. పాతికేళ్ళ కిందట నన్ను చేసుకోవడం కూడా ఇలాగే ఒక్క చుట్టులో తేల్చింది. ఆ తర్వాత తీరిగ్గా బాధపడింది.

"నలభై రోజులుందండీ, నిదానంగా ఆలోచించుకోండి. ఒకసారి సంతకం పెట్టాక మార్చడం ఉండదు" అని మీరు రెండో అట్టు కూడా తిని వెళ్ళారు.

ఆరో రోజు

ఇవాళ మూడు, ఐదు, ఎనిమిది అంతస్తుల్లో కాటాలు బిగించాను. మేముండే ఈ రాట్నం ఆకాశంలో గిర్రున తిరుగుతూ ఉంటుంది కాబట్టి మాకు బరువు. అడుగు అంతస్తులో నేను డెబ్బై రెండు కిలోలు. ఇరుసు వైపు మెట్లెక్కే కొద్దీ తగ్గుతూ పోతాను. పైన పన్నెండోది దూదిల్లు, అక్కడ ఏడు కిలోలు. మంచాన పడ్డ మనిషిని అక్కడ నర్సు ఒంటిచేత్తో పక్కకి తిప్పేస్తుంది. అందుకే చేతకానివాళ్ళంతా అక్కడికే. ఏ అంతస్తులో అయినా కిలో బియ్యం కిలో అని చూపించాలంటే ఆ అంతస్తుకి తగ్గట్టు కాటా బిగించాలి. అదీ నా పని. ముప్పై ఏళ్ళుగా ఇదే.

ఇదే పనిలో కొన్ని కోతి వేషాలు కూడా వేశాను, దాచను. మా సూపరింటెండెంటు గదిలో కాటా రెండు నెలల పాటు ఆరు కిలోలు ఎక్కువ చూపించింది. ఆయన అన్నం మానేసి, ఉడకేసిన ఆకులు తిని, బుగ్గలు పీక్కుపోయాక నేను మళ్ళీ సరిచేశాను. సన్నబడ్డానని అందరికీ మిఠాయి పంచాడు. నాకు రెండు ఇచ్చాడు.

ఇవాళ ఎనిమిదో అంతస్తు మెట్ల మీద కూర్చుని మోకాలు పట్టుకుంటే, అదే సూపరింటెండెంటు అటుగా వెళ్తూ, "నిజంగానే నొప్పా, మళ్ళీ ఏదైనా వేషమా?" అన్నాడు. చూశారా, నా పరువు.

తొమ్మిదో రోజు, గురువారం

దూదింటికి వెళ్ళాం. గురువారమైతే మాలచ్చి నాయుడు బావకి అట్లు పట్టుకెళ్తుంది. జోగినాయుడు నేను కాటాల పనిలో చేరినప్పుడే గొట్టాల పనిలో చేరినవాడు, నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. వాళ్ళావిడ చిట్టెమ్మకి పక్షవాతం వస్తే జంట పత్రం మీద తోడు వెళ్ళాడు. పద్నాలుగో నెలలో ఆవిడ పోయింది. అప్పటికే ఆయన ఎముకలు ఆయన మాట వినడం మానేశాయి. ఇప్పటికి నాలుగేళ్ళు. ఒక్కడే ఉన్నాడు.

లిఫ్టులో పైకి వెళ్తుంటే ఒంట్లో బరువంతా ఎవరో మెల్లగా తీసేసుకున్నట్టు ఉంటుంది. మోకాలు నొప్పి సగం దారిలోనే పోయింది. మాలచ్చికి కూడా ఊపిరి బాగా ఆడింది. నేను చూశాను. చూసినట్టు కనబడలేదు.

నాయుడు బావ ఒక్కో గెంతుకి రెండు గజాలు దాటుతూ ఎదురొచ్చాడు. టిఫిను డబ్బా మూత తీసి చూసి మొహం చిట్లించాడు.

"చెల్లెమ్మా, అట్టు మెత్తబడిపోయింది."

"పన్నెండు అంతస్తులు ఎక్కొచ్చింది అన్నయ్యా. నువ్వూ మెత్తబడ్డావు, నేనేమైనా అన్నానా?"

"ఇక్కడే పొయ్యొచ్చు కదా వేడివేడిగా?"

"పోశానుగా పోయినేడు. పిండి పెనం మీద పరుచుకుంటేనా? బంతిలా కూర్చుంది. దాన్ని అట్టంటే అట్టు ఊరుకోదు."

అది తింటూ ఉండగా నేను అడిగాను. "బావా, సంతకం పెట్టినందుకు విచారంగా ఉంటుందా?"

"రోజూ ఉంటుందిరా. పొద్దున్న ఎనిమిదింటికి. టిఫినయ్యాక తగ్గుద్ది" అన్నాడు. "మధ్యాహ్నం కిటికీలు లెక్కపెడతాను. అరవై నాలుగున్నాయి. నిన్న అరవై మూడు వచ్చాయి. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను. పొద్దు గడిచింది."

మాలచ్చి ఖాళీ డబ్బా కడగడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

దిగేటప్పుడు లిఫ్టులో అంది. "చూశావా? నా మూలంగా ఇంకో మనిషి అలా కిటికీలు లెక్కపెట్టకూడదు. తెల్లకాగితమే."

"నీ మూలంగా ఎందుకే? మోకాలు నాది కదా?"

"ఎవరిదైతే ఏటి" అంది. కిందికొచ్చే కొద్దీ దాని మాట మధ్యలో ఆగి ఆగి వచ్చింది.

పద్నాలుగో రోజు

నెలవారీ తూకం. పదిహేడో వరసలో వాళ్ళంతా కాటా ఎక్కి దిగాలి. బరువు రాసేది నేనే. మాలచ్చి పోయిన నెల అరవై ఒకటి. ఇవాళ అరవై నాలుగున్నర.

వరసంతా గొల్లున నవ్వింది. "మేస్త్రీ మళ్ళీ మొదలెట్టాడు! పెళ్ళాన్ని కూడా వదల్లేదు!"

"నాతోనా నీ వేళాకోళం?" అంది మాలచ్చి, నడుం మీద చెయ్యేసుకుని.

ముల్లు విప్పి, అందరి ముందూ మళ్ళీ బిగించాను. మళ్ళీ ఎక్కమన్నాను. అరవై నాలుగున్నర. ఇంకా నవ్వారు. ఒకాయన నా వీపు తట్టి, రెండోసారి కూడా తప్పే చూపించేలా ఎలా బిగించావని రహస్యం అడిగాడు.

వేషం కోసం నేను ముల్లు ముట్టుకోలేదు. ఆఫీసరమ్మ గారూ, ఇది మీరైనా నమ్మండి. తను దిగాక పాదాలు చూశాను. చెప్పుల పట్టీ తీసేస్తే గీత వేలంత లోతు పడి ఉంది. మట్టెలు వేళ్ళలోకి దిగబడిపోయాయి. తిండి పెరగలేదు. అది కండ కాదు, నీరు. దూదింటి నర్సు ఒకామె నాకు ఎప్పుడో చెప్పింది, గుండె డస్సిపోతే మనిషి చెప్పకముందే కాటా చెప్తుందని. అప్పుడది నా పనికొచ్చే మాటని నాకు తెలీదు.

ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లు కాటాల చేత అబద్ధాలాడించానో లెక్కలేదు. ఇవాళ అది నిజం చెప్పింది. వరసంతా నవ్వింది.

పదిహేనో రోజు

"డాక్టరు దగ్గరికి పద" అన్నాను.

"ముందు నీ మోకాలు చూపించు."

"నాది వట్టి పట్టేయడమే. నీకు నీరు పడుతోంది."

"నీ కాటాకి పట్టింది నీరు. నువ్వు చూపించుకుంటే నేనూ చూపించుకుంటాను. పద, ఇప్పుడే. చెప్పులేసుకో."

వేసుకోలేదు. నేను వెళ్ళనన్నాను. అదీ వెళ్ళనంది. మాకు పిల్లల్లేరు. ఉంటే ఇలాంటప్పుడు పేచీ వాళ్ళు పెట్టేవాళ్ళు. ఇప్పుడు అన్నీ మేమే పెట్టుకోవాలి. అలసట వస్తుంది.

పంతొమ్మిదో రోజు

ఇంట్లో ఉప్పు తగ్గించాను. డబ్బాలో సగం తీసి కాటాల సామాన్ల పెట్టెలో దాచాను. మాలచ్చి పప్పు రుచి చూసి, కాసేపాలోచించి, "నా నాలిక పాడైంది" అంది. నేను కాదనలేదు.

రోజంతా కుంటుకుంటూ తిరిగేసరికి నడుం కూడా పట్టేసింది. చాకిరీ పెరిగింది, కాటాలు మాత్రం అవే.

ఇరవై మూడో రోజు

మీ ఆఫీసు వాళ్ళ కాళ్ళ పరీక్ష. పాసవడం తప్పడం అంటూ లేదు, ఎవరెలా ఉన్నారో రాసుకోవడానికే అన్నారు. ముందు రెండు పాదాల కింద రెండు కాటాలు పెట్టి నిలబెట్టారు. నాది ఎడమ కాలు ఇరవై ఏడు, కుడి కాలు నలభై ఐదు. మీరు తల ఊపి రాసుకున్నారు. ఆ తర్వాత మెట్లు. నూట ఇరవై ఎక్కి, నూట ఇరవై దిగాలి. చేతిలో గడియారంతో మీరు కింద నిలబడ్డారు.

ఇరవై మెట్లకి ఒకసారి ఆగాను. రెయిలింగు పట్టుకుని కూర్చునేవాణ్ణి. మాలచ్చి పక్కన కూర్చుని కొంగుతో విసిరేది, నాకూ, తనకూ.

"లెగవయ్యా, ఆ పిల్ల కింద ఎదురు చూస్తోంది."

"చూడనీ. జీతం ఇస్తారు కదా."

"ఆడంగి వేషాలు నువ్వూను."

"నువ్వెళ్ళు ముందు, నేనొస్తాను."

"నిన్ను వదిలి ఎక్కడికెళ్తాను, దొర్లుకుంటూ పడిపోతావు" అనేది. ఆ మాటంటూ మరో రెండు నిమిషాలు కూర్చునేది. పెదాలకి రంగు తిరిగి వచ్చాక లేచేది.

మొత్తం ఆరు చోట్ల ఆగాం ఎక్కేటప్పుడు, నాలుగు చోట్ల దిగేటప్పుడు. మీరు రాసిన కాగితం తలకిందులుగా చదివాను. "భర్త: ఎడమ కాలు బలహీనము. భార్య: బాగున్నది. భర్త కొరకు ఆగినది."

ఇరవై ఏడో రోజు

పోట్లాట. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. పొద్దున్న పిండి తీస్తూ మొదలైంది.

"మాలచ్చీ, నన్ను ఒక్కణ్ణే పైకి పంపేస్తావన్న మాట."

"గురువారం గురువారం వస్తాను. అట్లు తెస్తాను."

"మెత్తవి."

"మెత్తవే. తినకపోతే మాను."

"వెయ్యి రోజులయ్యాక?"

"అప్పటికి నీ మోకాలు నీ మాట వింటుంది. నేను చెప్పేది విను. ఎవరు ముందు వెళ్ళినా రెండోవాళ్ళు ఇక్కడ కాళ్ళ మీద నిలబడి ఉండాలి. ఈ అడుగు మీద. వరసలో వాళ్ళ మధ్య. నాకు నా పెనం, నీకు నీ కాటాలు. ఒకళ్ళ కోసం ఒకళ్ళు గుల్లైపోవడం ఎందుకు?"

"ముందు నువ్వే వెళ్ళావనుకో?"

గరిటె ఆగింది. "వెళ్తే వెళ్తాను. ఒక్కదాన్నే వెళ్తాను. నాకేం భయమా?"

"నేను వస్తానంటే?"

"రానివ్వను" అంది. మెల్లగా అంది. అరిచి ఉంటే బాగుండేది. దాని అరుపులకి నా దగ్గర జవాబులుంటాయి. "అన్నయ్యని చూశాక కూడా ఆ మాటెలా అంటావయ్యా? చిట్టెమ్మ వదిన పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. నొప్పికి కాదు. ఈ మనిషిని ఇక్కడికి తెచ్చి పడేశాను, ఇంక దింపలేను అని. నేనలా ఏడుస్తూ పోను."

ఆ మాట నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. పెనం మాడుతోంది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆఖరికి నేనే తీశాను.

ఇరవై ఎనిమిదో రోజు

మాటల్లేవు. అట్టు ఉంది.

ముప్పై ఒకటో రోజు

నేను ఒక్కణ్ణే దూదింటికి వెళ్ళాను, అక్కడ కాటా బిగించే వంక పెట్టుకుని. నాయుడు బావకి మాలచ్చి సంగతి చెప్పాను, ఒంట్లో నీరు సంగతి.

"పసుపు కాగితం పెట్టించు" అన్నాడు.

"తను ఒప్పుకోవడం లేదు బావా. నిన్ను చూపిస్తుంది."

"నన్నా?" అని నవ్వాడు. పళ్ళు కూడా సన్నబడ్డాయి. "ఒరే గౌరీసూ, మీ అక్క చిట్టెమ్మని ఆ పద్నాలుగు నెలలూ ఒక్క చేత్తో ఎత్తి, స్నానం చేయించి, జడ వేసేవాణ్ణి. మొదట్లో జడ వంకరగా వచ్చేది, తిట్టేది. చివరి రెండు నెలలూ తిట్టలేదు. బాగా కుదిరింది కాబోలు అనుకున్నాను. మాట పోయిందని తర్వాత తెలిసింది."

అని కిటికీ వైపు తిరిగాడు. "ఈ కథ చెల్లెమ్మకి చెప్పకు. నీ పనికి అడ్డం."

ముప్పై మూడో రోజు

స్నానాల గది గుమ్మం దగ్గర పడ్డాను. మోకాలు ఒక్కసారిగా మడత పడిపోయింది. చెంబు, నేను, నీళ్ళు, అంతా ఒకే చోట. మాలచ్చి పరిగెత్తుకొచ్చింది. చంకల కింద చేతులేసి లేపబోయింది. డెబ్బై రెండు కిలోలు. లేవలేదు. రెండోసారి లాగింది. మూడోసారి లాగబోయి, అలాగే నా పక్కన నీళ్ళల్లో కూలబడింది. రొప్పుతోంది. గోడకి ఆనించి కూర్చోబెట్టాను. పడ్డవాణ్ణి నేను, కూర్చోబెట్టిందీ నేనే. అది గమనించే ఓపిక దానికి లేదు.

ఇద్దరం తడిబట్టలతో కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. ఎంతసేపో తెలీదు.

"నేను లేపలేకపోయాను" అంది.

"పిండి రుబ్బే చేతులే అవి, బస్తాలు మోసేవా?"

"పోయినేడు లేపాను. నువ్వు జ్వరంతో పడితే."

"అప్పుడు నాకు కాస్త సిగ్గుండేది, బరువు తక్కువ."

నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక నా మోకాలి మీద చెయ్యి పెట్టింది. ఎడమ దాని మీదే. రాస్తూ కూర్చుంది.

"నిన్ను ఒక్కణ్ణీ పైకి పంపితే ఏటవుతుంది? వారం తిరక్కుండా అక్కడ కాటాలన్నీ తారుమారు చేస్తావు. ఎవరికెంత మందు పొయ్యాలో నర్సులకి తెలీదు. సగం దూదిల్లు నీ వేషాలకే ఖాళీ అయిపోద్ది."

"అవుద్ది."

"నీకు వంట రాదు. బట్టలు మడత పెట్టడం రాదు. నూనె రాయడం కూడా రాదు, నీ మోకాలికి నువ్వే."

"రాదు."

"పోనీలే. పసుపుదే పెడదాం" అంది. "నాకేమీ కాదు. నేను రాయిలా ఉన్నాను. నువ్వు పోయాక కిటికీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను, నా ఖర్మ. లెక్కలు నీ కంటే నాకే బాగా వచ్చు."

నీళ్ళు చల్లగా ఉన్నాయి, లేద్దాం అన్నాను. ఒకరినొకరు పట్టుకుని లేచాం.

ముప్పై ఆరో రోజు

అరవై ఏడు. ఈసారి గదిలోనే తూచాను, రేషను బియ్యం తూచే చిన్న కాటా మీద ఒక్కో కాలు పెట్టించి. "మళ్ళీ మొదలెట్టావా" అంది గానీ కోపంగా కాదు. మట్టెలు తీసి కొంగున కట్టుకుంది, బిగుతుగా ఉన్నాయని.

డాక్టరు మాటెత్తితే మళ్ళీ అదే పాట. "నీ మోకాలు ముందు."

ముప్పై ఎనిమిదో రోజు

"వెళ్ళేటప్పుడు పెనం ఎవరికిస్తావు?" అని అడిగాను.

"ఇంకా వెళ్ళలేదు కదా. అప్పుడే పంపకాలేటి?" అంది. తర్వాత తనే, పిండి గిన్నె కడుగుతూ, "ఎవరికీ ఇవ్వను. పట్టుకెళ్తాను. పిండి కాస్త పల్చగా కలిపి చూస్తాను. పరుచుకోకపోతే బంతులే తిందువు గాని" అంది.

దాని వెనకాల నిలబడి గోడ వైపు చూస్తూ ఉన్నాను. ఈ పుస్తకంలో రాయాల్సింది ఇంకేమైనా ఉందా అని ఆలోచించాను. ఉంది. ఇవాళ కాదు.

నలభయ్యో రోజు

పొద్దున్న పదింటికి మీ బల్ల దగ్గర ఇద్దరం పసుపు కాగితం మీద సంతకాలు పెట్టాం. మీరు మాలచ్చిని పక్కకి పిలిచి, "మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా అమ్మా?" అని అడిగారు. నేను వినకూడదు గానీ విన్నాను.

"ఈయనా? నన్నా?" అంది.

మీరు గడిలో లేదు అని టిక్కు పెట్టారు. పుస్తకం సాయంత్రం లోపల ఇచ్చెయ్యమన్నారు. మాలచ్చి గదికి వెళ్ళింది, పిండి పులిసిపోతుందని. నేను మీ వరండాలో బెంచీ మీద కూర్చుని ఈ ఆఖరి పేజీ రాస్తున్నాను.

సంతకం అయిపోయింది కాబట్టి ఇక మాట్లాడొచ్చు. మీరు రిజిస్టరులో రోగి మంచం గౌరీసు, తోడు మంచం కనకమాలక్ష్మి అని రాయబోతున్నారు. అలా రాయకండి. తిరగేసి రాయండి. రోగి తను. గుండె. ఈ పుస్తకం ఇంటికి రాకముందే తన రొప్పు విన్నాను. తోడు నేను. ఎత్తాల్సింది, స్నానం చేయించాల్సింది, తిట్లు తినాల్సింది నేను. తోడు వచ్చేవాడికి కాళ్ళు సరిగ్గా లేవని మీ కాగితంలో ఉంటే పైన నర్సులు తనని నాకు పనిమనిషిని చేస్తారు. చస్తుంది.

ఇంకొకటి. రేపే డాక్టరుని పంపండి. జంట పత్రం పెట్టినవారికి తప్పనిసరి పరీక్ష అని మీ ఆఫీసు ముద్ర కొట్టిన కాగితం చేతికివ్వండి. నా మాట వినదు, ముద్ర వింటుంది. తనని ముందు చూడమనండి. వేళకి మందులు పడితే ఇంకా కొన్నేళ్ళు ఈ అడుగు మీదే, పెనం దగ్గరే నిలబడుతుందేమో. ఆ పసుపు కాగితం మీ బీరువాలో పసుపు రంగు పోయి తెల్లబడే దాకా ఉండాలని నా కోరిక. ఉండకపోతే ఇద్దరం వెళ్తాం.

నాయుడు బావ సంగతి తెలిసే పెట్టాను. ఎనిమిదింటికి విచారం, టిఫినయ్యాక తగ్గడం, అంతా తెలుసు. తగ్గడానికి ఆ పూట టిఫిను చేసిపెట్టే మనిషి ఉండదని కూడా తెలుసు. విడి పత్రం అయితే మాలచ్చి ఒక్కతే పైకి వెళ్ళేది, వెయ్యి రోజులు, గురువారానికో గంట. నా కోసమంటే పన్నెండు అంతస్తులు ఎక్కుతుంది. తన కోసమంటే గుమ్మం దాటనివ్వదు నన్ను. పాతికేళ్ళ కాపురంలో నాకు బాగా వంటబట్టింది ఇదొక్కటే.

మీరు ఇది చదివి పత్రం రద్దు చెయ్యగలరు. మీ ఇష్టం. మీ ఫారంలో గడులన్నీ చూశాను. బలవంతం జరిగిందా అని ఉంది. మోసం జరిగిందా అని లేదు. ఉంటే నేనే టిక్కు పెట్టేవాణ్ణి.

నా మోకాలికి ఏమీ కాలేదు. అదంతా నేను కల్పించిందే.